మూడు బొక్కలా, ఒక కోతా

మా ఆయన గజ్జల్ల దిగిన పేగుతోని రెండేండ్లు తిరిగిండు. డాక్టర్లు హెర్నియా అంటరు. మస్కట్ కెల్లి సెలవు మీద లక్సెట్టిపేటకు వచ్చినప్పుడు మొదటిసారి చూసిన, నిమ్మకాయంత ఉండె. పండుకుంటే లోపలికి పోయేది, నిలబడితే బయటికొచ్చేది. ఆపరేషన్ చేయించుకొమ్మంటే వినకపాయె. కోత గుర్తు కనబడితే గల్ఫ్ మెడికల్ పరీక్షల అన్‌ఫిట్ రాస్తరని ఆయన భయం. మస్కట్ రూముల దోస్తు చెప్పిండట. దోస్తు చెప్తే వేదం, పెండ్లాం చెప్తే గాలిమాట.

అందుకే నాతోని పట్టీ కుట్టించుకున్నడు. పాత పంచె మడతపెట్టి, నడుమ దూది పెట్టి కుట్టిన. గడ్డను లోపలికి నూకి, మీదికెల్లి పట్టీ కట్టుకొని తిరిగేటోడు. "ఇంక గట్టిగ, ఇంక గట్టిగ" అంటుంటే ముడి నేనే వేసిన. ఎందుకు దాచాలె, తప్పు నాది గూడ.

ఆ మస్కట్ కొలువు అయిపోయి ఇంటికొచ్చినంక కొత్త వీసా వచ్చింది. మెడికల్ వారం దినాలల్ల ఉందనంగ, మంగళవారం గడ్డ ఇరికింది, లోపలికి పోలే. ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నడు. రెండు దినాలకు, బేస్తారం పొద్దుగాల పచ్చగ కక్కుడు మొదలైంది. ఒట్టూ లేదు గిట్టూ లేదని కారు మాట్లాడి కరీంనగర్ తోల్కపోయిన.

"ఎప్పుడు ఇరికింది?" అని అడిగిండు ఆపరేషన్ చేసే సారు.

"ఇయ్యాల పొద్దుగాల్నే సార్. కోత వద్దు, మూడు బొక్కల ఆపరేషన్ చెయ్యుండ్రి" అన్నడు మా ఆయన. ప్రాణం పోతున్నా మెడికల్ ఫికరే!

"ఇయ్యాలనే అయితే పేగు బాగనే ఉండొచ్చు. బొక్కలు పెట్టి కెమెరాతోని చూద్దాం" అని సారు కాగితం మీద రాసుడు షురూ చేసిండు.

చెప్తే కోస్తరు, ఆయన అన్నట్టు వీసా పోతది. చెప్పకపోతే మనిషే పోతడేమో. అవ్వతోడు, అంత పరేషాన్ నేనెన్నడూ కాలే.

"అబద్ధం సార్. మంగళవారమే ఇరికింది. మీదికెల్లి పట్టీ కట్టుకున్నడు. నేనే కట్టిన."

మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. సారు పెన్ను పక్కకు పెట్టి కడుపు ఒత్తి చూసిండు.

"రెండు దినాలు నొక్కిపెట్టినరా! కడుపు ఇంత ఉబ్బినంక కెమెరాకు లోపల జాగ ఏడుంటది? పేగు నల్లబడ్డదో ఏమో, కోసి చూడాల్సిందే. ఇరికిన నాడే నాతోని చెప్పాలె గదమ్మా ఇసొంటియి" అని నన్ను గూడ కసురుకున్నడు. మా ఆయన కండ్లు మూసుకొని సంతకం పెట్టిండు.

జానెడు కోత పడ్డది. లోపల బెత్తెడు పేగు చచ్చిపోయిందని కోసేసిండ్రు. మనిషి బతికిండు. ఇంటికొచ్చినంక పదిహేను దినాలు నాతోని మాట్లాడలే. పుండు తుడిచేది నేను, గంజి తాపేది నేను, మొఖం గోడ దిక్కు పెట్టుకునేది ఆయన. కొట్లాడేంత ఓపిక గూడ లేకుండె నాకు.

ఆరు నెల్లకు మళ్ల వీసా తెచ్చుకొని, ఆశ లేకుంటనే హైదరాబాద్ల మెడికల్‌కు పోయిండు. అక్కడి డాక్టరు కోత గుర్తు చూసి, "ఆపరేషన్ అయి మానినోనికి ఏం ఫికర్ లేదు, చేయించుకోనోన్నే ఆపుతం" అన్నడట. ఫిట్ రాసిచ్చిండు. "పాస్ అయిన!" అని ఫోన్ల ఒకటే ఒర్రుడు.

రెండేండ్లు కట్టిన కట్లన్నీ ఉత్తయే. నేను ఫోన్ పెట్టేసిన. ఇగ ఆయన పోడని ఆ కోతను చూసి ఎన్నిసార్లు లోలోపల సంబురపడ్డనో నాకే ఎరుక.

మాపటికి ఇల్లు చేరిండు. కాళ్లకు నీళ్లిచ్చి, "ఈసారి పోకు" అన్న. పెండ్లయిన పద్దెనిమిదేండ్లల్ల ఆ మాట అనుడు అదే మొదలు.

"ప్రతిసారి బ్యాగు నువ్వే సదిరితివి. నేను పోవుడే నీకు మంచిగ అనిపిస్తదనుకున్న" అన్నడు.

ఇద్దరం ఏడ్చినం. మాటిచ్చి సంతకాలు పెట్టిన కొలువాయె, శుక్రవారం పోయిండు.