తలుపుల బావ

దారిలో బస్సు ఆగితే కాళ్ళు సాగదీసుకుందామని దిగాను. వెనకనుంచి ఎవరో, "మీ ఇంట్లో తలుపులెలా ఉన్నాయి?" అన్నారు. తిరిగి చూడనక్కర్లేదు. అందరూ ఆరోగ్యం గురించి అడుగుతారు, పిల్లల గురించి అడుగుతారు. తలుపుల గురించి అడిగేవాడు మా దూరపు బావ ఒక్కడే.

నేను చాలా ఊళ్ళు తిరిగాను. కలం ఉండాల్సిన జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకునే మనిషిని ఇంకొకణ్ణి చూడలేదు. వయసులో ఉండగా ఇంటర్వ్యూకి వెళ్ళి, ఆఫీసరుగారి గది తలుపు విప్పి గోడకానించాడు. ఉద్యోగం రాలేదు. తలుపు మాత్రం ఇప్పటికీ చక్కగా పడుతుందట.

"ఎక్కడికి ప్రయాణం?"

"చెల్లెలింటికి. మోకాలి ఆపరేషన్ అయ్యాక గదిలోంచి బయటికే రావడం లేదట. ఆకలి లేదంటోందట. తన మీద అలిగిందని కోడలు ఫోన్లో ఒకటే ఏడుపు. వెళ్ళి సర్దిచెప్పాలి."

"ఆ గదికి తలుపుందా?"

"లేకుండా ఎలా ఉంటుంది బావా?"

"అయితే నేనూ వస్తా."

కోడలు గుమ్మంలోనే మొదలుపెట్టింది. "నేనేమన్నానో నాకే తెలీదు మావయ్యగారూ. భోజనానికి పిలిస్తే ఆకలి లేదంటారు. మా అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోదామనిపిస్తోంది."

ఇలాంటి సందర్భానికని బస్సులోనే ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను, నాలుగు దేశాల ఉదాహరణలతో. గొంతు సవరించుకునేలోగా బావ చెల్లెలి గది గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లోపలి నేల మీద వంపు తిరిగిన గీతను వేలితో తడుముతున్నాడు.

"ఈ తలుపు ఎప్పట్నుంచి నేలకి రాసుకుంటోందమ్మా?"

"వానలు పడ్డప్పట్నుంచి. భుజంతో ఒక్క తోపు తోస్తే వచ్చేస్తుంది."

బావ గొంతు తగ్గించాడు. "బయటున్నవాళ్ళు తోస్తారు. లోపలున్న మనిషి ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో దీన్ని పైకెత్తి ఎలా లాగుతుంది?"

కోడలు వంగి ఆ గీతకేసి చూసింది. బావ వెంటనే లోపలికి వినపడేలా అన్నాడు: "ఈ కీచుమనే చప్పుడు నా చెవులకి పడదు. బాగుచేశాకే ఇక్కణ్ణుంచి కదులుతా."

"నీ చాదస్తం ఇంకా పోలేదా బావా?" అంది చెల్లెలు మంచం మీదనుంచి.

బావ నా సంచిలోంచి లావుపాటి పుస్తకమొకటి లాగి, తలుపు కాస్త పైకెత్తి దాని అట్ట కింద దూర్చాడు. "ఇన్నాళ్ళకి దీనికో ఉపయోగం దొరికింది," అన్నాడు. పై బందు స్క్రూలు వేలితో తిప్పితేనే ఊడొచ్చాయి. వదులైన బెజ్జాల్లో జిగురు పూసిన అగ్గిపుల్లలు కుక్కి, మళ్ళీ బిగించాడు.

"తప్పు నీదీ కాదు, ఆవిడదీ కాదు," అన్నాడు కోడలితో మెల్లగా. "పై బందుది."

"గొడవ తలుపుతోనని నీకెలా తట్టింది?" అనడిగాను.

"ఎలా ఉన్నావని అడిగితే ప్రతివాడూ బాగున్నాననే అంటాడు. తలుపు గురించి అడిగితే నిజం చెప్తాడు."

భోజనాల వేళకి ఆ తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. చెల్లెలు కర్ర సాయంతో వచ్చి కుర్చీలో కూర్చుంది.

"పూటపూటా తలుపు తియ్యమని నిన్నేం పిలుస్తాను? నీకే బోలెడు పనులు," అంది కోడలితో.

"ఆ పనులన్నీ మానేసి ఏడుస్తూ కూర్చున్నాను అత్తయ్యా," అంది కోడలు వడ్డిస్తూ.

బావకీ కంచం పెట్టి చూస్తే మనిషి లేడు. కిటికీలోంచి కనిపించాడు, వెనక్కి కూడా చూడకుండా వీధి మలుపు తిరిగిపోతూ.

"చెప్పకుండా వెళ్ళిపోవడమేమిటి?" అన్నాను.

"ఆ కంచం కూడా ఇటు జరుపమ్మా," అంది చెల్లెలు. "నాకివాళ ఇద్దరి ఆకలుంది."