కింది అంకె ముట్టుకోకూడదు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, వాడేవాళ్లు లేక అది తుప్పు పట్టిపోయింది. ఊరంతా సున్నమ్మ అనే పిలుస్తుంది. గోడలకు సున్నం వేయడం ఆమె పని. రంగు డబ్బాలు వచ్చాక సున్నం ఎవరు వేయించుకుంటారని అడిగితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: గోదాములు, పశువుల కొట్టాలు, బడి గదులు, ఆసుపత్రి వెనక గోడలు. "అందానికి రంగు, ఆరోగ్యానికి సున్నం" అంటుంది, తనే కనిపెట్టిన సామెతలా. ఇన్నేళ్ల సున్నానికి వేళ్ల చివర్లు అరిగి నున్నగా అయిపోయాయి. వేలిముద్ర పెట్టే యంత్రం ఏ ఆఫీసులోనూ ఆమెను మనిషిగా ఒప్పుకోదు. బొటనవేలు తుడిచి, ఊది, మళ్లీ నొక్కి, చివరికి గుమాస్తా విసుక్కుని సంతకం చేయించుకుంటాడు.

మోకాళ్లు నిచ్చెన ఎక్కనని మొరాయించడం మొదలుపెట్టాక, మందుల షాపులో పనిచేసే కూతురు ఒక రోజు ఆమెను తీసుకెళ్లి పెద్దవాళ్ల సాయంత్రం బడిలో పదో తరగతికి చేర్పించింది. "పదో తరగతి ఉంటే కూర్చుని చేసే పనేదైనా దొరుకుతుందమ్మా" అంది. "సున్నం వేసేదానికి సున్నాలే వస్తాయే" అంది సున్నమ్మ. నవ్వుతూ అన్నా, నిజంగానే భయపడింది. మిగతా సబ్జెక్టుల సంగతి ఎలా ఉన్నా, రసాయన శాస్త్రం పుస్తకం తెరిస్తే మాత్రం గుడ్లు తేలేసేది.

ఆ భయానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ పుస్తకంలో మొదటి పాఠం పక్కనే సున్నపు బట్టీ బొమ్మ ఉంది.

ఆమె భర్త సున్నపు బట్టీలో పనివాడు. బట్టీ అంటే ఇటుకతో కట్టిన పొడుగాటి గొట్టం. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోసి కాలుస్తారు. కాలిన రాయిని అడుగున గుంటలోకి దిగి గడ్డపారలతో లాగుతారు. అతను పెళ్లయిన కొత్తలో తాగేవాడు, మామూలుగా కాదు. కూతురు పుట్టిన రోజు ఆ పసిగుడ్డు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అప్పట్నుంచి చుక్క ముట్టలేదు. ఊళ్లో నమ్మనివాళ్లు కూడా కొన్నాళ్లకు నమ్మారు. కూతురికి ఎనిమిదేళ్లప్పుడు, గడ్డకట్టే చలికాలంలో, రాత్రి కూడా పనికని బట్టీ దగ్గరే ఉండిపోయిన అతన్ని, పొద్దున పనికొచ్చినవాళ్లు బట్టీ కింద గుంటలో చూశారు. హాయిగా నిద్రపోతున్నట్టు పడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. మేస్త్రీ ఒక్క చూపు చూసి తేల్చేశాడు: "పీకల దాకా తాగి పడుకున్నాడు, చలికి పోయాడు."

ఆమె వెళ్లి చూసింది. పోయినవాళ్ల ముఖాలు పాలిపోవడం ఆమెకు తెలుసు. ఈ ముఖం మాత్రం ఆ పాత రోజుల్లో తూలుతూ ఇంటికొచ్చిన ముఖంలాగే ఉంది. మేస్త్రీ మాట ఆమెకు సూటిగా తగిలింది, నమ్మింది. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డ పిల్లతో "మీ నాన్న ఒట్టు తప్పాడు" అంది. ఇద్దరి మధ్యా ఆ సంగతి మళ్లీ ఎన్నడూ రాలేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న సున్నమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషితో కాపురం చేశానా, మాట తప్పినవాడితోనా? చచ్చేలోగా అది తెలిస్తే చాలనుకునేది. తెలిసే దారి లేదని కూడా తెలుసు.

సాయంత్రం బడిలో ఆమెతో పాటు ఒక బస్సు కండక్టరు, ఒక దర్జీ, ఇద్దరు ముగ్గురు కాపలావాళ్లు ఉండేవారు. రసాయనం చెప్పే మాస్టారు సన్నగా, పొడుగ్గా, చొక్కా నిండా సుద్దపొడితో ఉండేవాడు. నవ్వించేటప్పుడు కూడా తను నవ్వేవాడు కాదు. మొదటి రోజు బోర్డు మీద చర్యల రకాలు రాశాడు: రసాయన సంయోగం, రసాయన వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం.

"ఎవరికి మాస్టారూ?" అంది సున్నమ్మ.

"ఏమిటమ్మా?"

"వియోగం. ఎవరికొచ్చింది?"

గదంతా గొల్లున నవ్వింది. "ఒకటి చాలక ద్వంద్వ వియోగం కూడానా, పాపం" అన్నాడు కండక్టరు. మాస్టారు మాత్రం ఆ ప్రశ్నను పక్కన పెట్టలేదు. కాసేపు ఆలోచించి, "రాయికి" అన్నాడు.

బోర్డు మీద రాశాడు: CaCO₃ → CaO + CO₂. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే దాన్లో ఉన్న వాయువు విడిపోతుంది, పొడిసున్నం మిగిలిపోతుంది. ఒకటి రెండుగా విడిపోతే అది వియోగం అని చెప్పాడు. పెళ్లయిన కొత్తలో ఆమె కూడా ఆ బట్టీలో గంపలు మోసింది. లోపలికి పోయే రాయి నెత్తి అణిగేంత బరువు. బయటికొచ్చే రాయి, అదే పరిమాణంలో, చాలా తేలిక. ఆ తేడా మెడకు తెలుసు.

"నిప్పు తినేసిందనుకున్నా మాస్టారూ, ఆ బరువు."

"నిప్పు ఏదీ తినదమ్మా. అసలు ఈ లోకంలో ఎవరూ దేన్నీ తినెయ్యలేరు, చోటు మారుస్తారంతే. బాణం గుర్తుకి ఇటుపక్క ఎన్ని పరమాణువులున్నాయో అటుపక్కా అన్నే ఉండాలి. ఒక్కటి తగ్గినా మనం తప్పు రాసినట్టు. అది పోయినట్టు కాదు."

ఆ మాట ఆమె ఇంటికి పట్టుకెళ్లింది. అన్నం గిన్నె దించుతూ, గిన్నె పైన లేచే ఆవిరిని నిలబడి చూసింది. ఇది కూడా ఎక్కడికో చేరుతుంది, లెక్కలోనే ఉంటుంది అనుకుంది. ఇంతకాలం ఈ లెక్క తనకు తెలియకుండానే తన చుట్టూ జరుగుతోందంటే ఆమెకు ఆశ్చర్యంతో పాటు కొంచెం భయం కూడా వేసింది.

మొదటి పరీక్షలో వియోగాన్ని నిర్వచించమంటే ఆమె ఇలా రాసింది: "వియోగం అనగా ఒకరు పోవడం, ఒకరు ఉండిపోవడం. ఉదాహరణ: బట్టీలో సున్నపురాయి." మాస్టారు దాన్ని పైకి చదివి, "నిర్వచనానికి మార్కు ఇవ్వలేను, ఉదాహరణకు ఇవ్వక తప్పదు" అన్నాడు. స్థానభ్రంశానికి దర్జీ రాసిన ఉదాహరణ ఆయన పైకి చదవలేదు. అందులో వాళ్లత్తగారు ఉందని తర్వాత తెలిసింది.

మరో రోజు మాస్టారు ఒక గాజు గ్లాసులో సున్నపుతేట తెచ్చాడు. సున్నం నీళ్లు కదలకుండా ఉంచి పైన తేరిన తేటను వడగట్టినది. మంచినీళ్లలా ఉంది. ఒక గొట్టం ఇచ్చి, పీల్చకుండా ఊదమన్నాడు. సున్నమ్మ ఊదింది. బుడగలొచ్చాయి. ఇంకా ఊదింది. చూస్తుండగానే తేట మసకబారి, పాలలా తెల్లబడింది. మాస్టారు గ్లాసును కదలకుండా బల్ల మీద పెట్టాడు. పాఠం అయ్యేసరికి అడుగున సన్నటి తెల్లపొడి పేరుకుంది.

"అదేమిటి మాస్టారూ?"

"రాయి."

"ఏ రాయి?"

"బట్టీలోకి పోయిన రాయే. వాయువు వదిలిపోయి పొడిసున్నమైంది కదా. దానికి నీళ్లు తగిలి తడిసున్నమైంది, రెండూ కలిశాయి కాబట్టి సంయోగం. ఇప్పుడు నీ ఊపిరిలో ఉన్న అదే వాయువు తిరిగి చేరింది, మళ్లీ రాయైపోయింది. గోడ మీద వేసినప్పుడూ జరిగేది ఇదే. గాల్లోంచి మెల్లగా పీల్చుకుంటుంది."

సున్నమ్మకు తన గోడలు గుర్తొచ్చాయి. సున్నం వేసిన రోజు గోడ నీళ్లు నీళ్లుగా, బూడిద రంగులో, చూసేవాళ్లకు దండగ పనిలా ఉంటుంది. ఇల్లుగలవాళ్లు మొహం మాడ్చుకుంటే ఆమె "రేపు చూడండి" అనేది. మర్నాటికి గోడ తెల్లగా వెలిగేది. ఎందుకో ఆమెకు తెలియదు, అది సున్నం గుణం అనుకునేది. ఇప్పుడు తెలిసింది. లేచి వెళ్లి ఆ గది గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఆ గోడకు ఏటేటా సున్నం వేసింది తనే. పూత మీద పూత. ఆ పూతల్లో, ఈ గదిలో కూర్చుని గొంతు చించుకుని ఎక్కాలు చదివిన పిల్లల ఊపిరి కూడా ఎంతో కొంత ఉండే ఉంటుంది, గట్టిగా, రాయిగా.

ఆ తర్వాత సమీకరణాలు తుల్యం చేయడం మొదలైంది. ఎవరి వంతు వస్తే వాళ్లు బోర్డు దగ్గరికి వెళ్లాలి. సున్నమ్మ వంతు వచ్చిన రోజు మాస్టారు చిన్నదే ఇచ్చాడు: C + O₂ → CO. బొగ్గు, గాలిలోని ఆక్సిజన్. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇటు ఆక్సిజన్లు రెండు, అటు ఒకటి. సున్నం కలిపే మనిషికి ఇదేం పెద్ద పని. పలచనైతే సున్నం కలపాలి, చిక్కనైతే నీళ్లు కలపాలి, ఏది తక్కువైతే అది వేయాలి. అటుపక్క O కింద చక్కగా ఒక రెండు పెట్టేసి, చేతులు దులుపుకుని, గర్వంగా వెనక్కి తిరిగింది.

"లెక్క సరిపోయింది" అన్నాడు మాస్టారు. "మనిషి మారిపోయాడు."

"ఎలా?"

"ముందు అంకె ఎందరు అని చెప్తుంది. కింది అంకె ఎవరు అని చెప్తుంది. ముందు అంకె నీ ఇష్టం, ఎంత కావాలంటే అంత పెట్టుకో. కింది అంకె ముట్టుకోకూడదు. నేనిచ్చింది కార్బన్ మోనాక్సైడ్. నువ్వు దాన్ని కార్బన్ డయాక్సైడ్ చేశావు."

"ఆ చిన్న రెండుకే అంత తేడానా మాస్టారూ?"

"ఆ చిన్న రెండుంటే సోడాలో నింపుకుని తాగుతాం. లేకపోతే మనిషిని నిద్రలోనే చంపేస్తుంది. బొగ్గు కాలడానికి గాలి చాలకపోతే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత మత్తుగా నిద్ర. తలుపులేసుకుని కుంపటి పక్కన పడుకున్నవాళ్లు, వెచ్చగా ఉందని బట్టీల పక్కన పడుకున్నవాళ్లు, అలాగే పోతారు. రక్తాన్ని పట్టుకుని వదలదు. చూసినవాళ్లకు మనిషి పోయాడని కూడా అనిపించదు, ముఖం అంత ఎర్రగా ఉంటుంది."

సున్నమ్మ బోర్డు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత, అందరూ వింటుండగానే, బట్టీ గుంట సంగతి, ఎర్రటి ముఖం సంగతి, మేస్త్రీ తీర్పు, అన్నీ చెప్పింది. చివరికి అడిగింది: "అయితే ఆయన తాగలేదా?"

మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు.

"నేను డాక్టర్ని కాదమ్మా. చలికి పోయినవాళ్లకూ ఎరుపు ఉంటుందంటారు. అప్పుడే రక్తం పరీక్ష చేసి ఉంటే తేలేది. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకైతే ఈ వాయువే అనిపిస్తోంది. కానీ తాగాడా లేదా అన్నది ఆ ఎరుపు చెప్పదు. తాగినందుకు అది సాక్ష్యం కాదు, అంతవరకు మాత్రం గట్టిగా చెప్పగలను."

ఆమె తలూపింది. బోర్డు వైపు తిరిగి తను పెట్టిన రెండును వేలితో చెరిపేసింది. C ముందు ఒక రెండు, CO ముందు ఒక రెండు పెట్టింది. ఇటూ అటూ లెక్కపెట్టింది. కూర్చుంది. దర్జీ తన మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపాడు.

ఇంటికెళ్లేసరికి కూతురు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సున్నమ్మ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి మాస్టారు చెప్పిందంతా చెప్పింది. ఆయన చెప్పలేనన్నది కూడా దాచలేదు. కూతురు చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"తల నొప్పిగా ఉందన్నాడమ్మా" అంది.

"ఎవరు?"

"నాన్న. ఆ సాయంత్రం. నువ్వు అన్నం క్యారేజీ ఇచ్చి పంపించావుగా. మధ్యాహ్నం నుంచి ఒకటే తలనొప్పి అన్నాడు. సగమే తిన్నాడు. నా చేతులు చల్లబడ్డాయని తన చేతుల్లో పెట్టుకుని ఊదాడు, ముక్కు దగ్గరే. ఉల్లిపాయ వాసన వచ్చింది, అంతే. కాసేపు గుంటలో వెచ్చగా పడుకుంటాను, చీకటి పడకముందే ఇంటికి పో అన్నాడు. నేను చూస్తుండగానే దిగి పడుకున్నాడు."

సున్నమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. "మరి అప్పుడెందుకు చెప్పలేదే నాకు?"

"చెప్దామనే గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు రాగానే ఒట్టు తప్పాడన్నావు. అమ్మే అన్నాక ఇంకేముంది? నేను వచ్చేశాక లేచి తాగాడేమోలే అనుకున్నాను. చిన్నపిల్లని కదా."

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. సున్నమ్మ ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఎప్పుడూ చూడనట్టు చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసిన మనిషి ఇన్నాళ్లూ ఇదే ఇంట్లో, ఇదే కంచంలో తింటూ ఉంది.

"ఏ వాసనొచ్చిందన్నావు?"

"ఉల్లిపాయ."

"ఇంకేం రాలేదు కదూ?"

"లేదమ్మా. ఇంకేం రాలేదు."

"మళ్లీ చెప్పవే" అంది సున్నమ్మ. "నేను క్యారేజీ చేతికిచ్చిన దగ్గర్నుంచి చెప్పు."

కూతురు మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.