మెత్తకాలు బండి దిగిన రోజు

లారీ షెడ్డులో అందరూ అతన్ని మెత్తకాలు అనేవారు. యాక్సిలరేటర్ మీద అతని పాదం అంత సుతారంగా ఆనేది. ఖాళీ రోడ్డు దొరికినా యాభై, అరవై మధ్యనే టాప్ గేరులో సాగిపోయేవాడు. దూరాన ఎర్రలైటు కనబడగానే కాలు తీసేసేవాడు. బండి దానంతటదే నెమ్మదించి అక్కడికి చేరేసరికి చాలాసార్లు పచ్చలైటు పడేది. "పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నావా?" అని తోటి డ్రైవర్లు ఏడిపించేవారు. కానీ అందరికన్నా తక్కువ డీజిలు తాగేది అతని లారీయే.

పనీపాటా లేకుండా తిరుగుతున్న బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ విద్యంతా నేర్పాడు.

"తొక్కడం ఎవడికైనా వచ్చురా, కాలు ఎప్పుడు తియ్యాలో తెలియాలి. దిగుడులో న్యూట్రల్ చేశావో, అక్కడే దింపేస్తా. డీజిలు మిగులుద్దనుకుంటావు, బండి నీ చేతిలో ఉండదు."

"అలాగే బావా," అని అతను బుద్ధిగా తలూపేవాడు.

ఒక ఉదయం షెడ్డుకు వెళ్లేసరికి తన సీట్లో బావమరిది కూర్చుని అద్దం సరిచేసుకుంటున్నాడు. మేనేజరు మొహమాటపడుతూ పక్కకు పిలిచాడు.

"నీకు చూపు ఆనడం లేదటగా? అందుకే అంత నెమ్మదిగా పోతావట. మీ ఇంటి మనిషే చెప్పాడయ్యా. ఇకమీదట గేటు దగ్గర కూర్చో."

మెత్తకాలు గబగబా లారీ దగ్గరికి నడిచాడు.

"నాకు చూపు లేదన్నావట్రా?"

బావమరిది స్టీరింగు వదల్లేదు. "ఎన్నాళ్లని నీ పక్కన కూర్చోను బావా? నువ్వు దిగితేనే కదా నేనెక్కేది!"

"అడిగితే నేనే ఇంకో బండి ఇప్పించేవాణ్ణి కదరా."

బావమరిది గేరు వేశాడు. లారీ పొగ చిమ్ముతూ గేటు దాటిపోయింది.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. తమ్ముణ్ణి తిట్టిపోస్తుందనుకున్నాడు. ఆమె తరుగుతున్న కూర పక్కనపెట్టి తల దించుకుంది.

"వాడు ముందే నా చెవిన వేశాడు. మీరు కాస్త ఇంటిపట్టున ఉంటారని ఊరుకున్నాను."

అతను లేచి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

మర్నాడే కళ్లు పరీక్ష చేయించుకున్నాడు. చూపు నిక్షేపంలా ఉందన్నాడు డాక్టరు. మేనేజరు విని, "కుర్రాడు సరుకు తొందరగా చేరుస్తున్నాడులే," అని నసిగాడు. మెత్తకాలు అక్కడికక్కడే పని మానేసి, పాల ట్యాంకరు నడిపే కొలువులో చేరాడు. అక్కడివాళ్లు అతను బండి నడిపే తీరు చూసి ముచ్చటపడ్డారు.

ఇంట్లో మాత్రం మాటలు తగ్గిపోయాయి.

"ఇంకా కోపమేనా?" అంది ఆమె ఒకరోజు కంచం పెడుతూ.

"కోపం ఎప్పుడో పోయిందే. నువ్వేం చెప్పినా నిజమేనా అనిపిస్తోంది," అంటూ అతను కంచం ముందుకు లాక్కున్నాడు.