మిల్లులో నలభై ఆరు స్లైడ్లు

తెర మీద ఎన్ని అక్షరాలుంటే మనకు అంత విషయం తెలిసినట్టు లెక్క అని గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ కాగానే సూర్యాపేటలో రైస్‌మిల్లు యంత్రాలు అమ్మే ఆఫీసులో చేరాను. బియ్యంలోని నల్లగింజలను కెమెరాతో కనిపెట్టి ఏరేసే మిషను గురించి మిర్యాలగూడలో ఒక మిల్లు వాళ్లకు చెప్పి రమ్మన్నారు. అది కుదిరితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మా ఊరు మోతెకు తిరుగు బస్సు. మూడు రోజులు కూర్చుని నలభై ఆరు స్లైడ్లు తయారుచేశాను. కంపెనీ పుట్టుక నుంచి కెమెరా లోపలి బల్బుల దాకా ఏదీ వదలలేదు. పసుపు మీద ఎర్ర అక్షరాలు, అవీ ఒక్కొక్కటే టకటకమంటూ పైనుంచి రాలేట్టు పెట్టాను (నా దృష్టిలో అప్పుడది గొప్ప కళ). కోదాడ మనిషైన మా మేనేజరు చూసి, ఇన్నెందుకమ్మా, వాళ్లకంత తీరిక ఉండదన్నారు. ఆయనకు అసూయ అనుకున్నాను.

మిల్లు ఆఫీసులో సున్నం గోడే తెర. ఎదురుగా మిల్లు నడిపే పెద్దమ్మ, ఆమె కొడుకు, గుమాస్తా. నేను గోడవైపు తిరిగి చదవడం మొదలుపెట్టాను. తొమ్మిదో స్లైడు దగ్గర కొడుకు ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. పన్నెండో దానికి గుమాస్తా కళ్లు మూతలుపడ్డాయి. పెద్దమ్మ మాత్రం నిటారుగా కూర్చుంది. ఆమెకు బాగా నచ్చిందనుకుని గొంతు పెంచాను.

"బిడ్డా, గోడ మీదిది గోడకే సదివి సెప్తున్నవ్," అందామె చివరికి. "నల్లగింజ ఎట్ల పోతదో జర గది సూపియ్యి."

అది ముప్పై ఎనిమిదో స్లైడులో ఉంది. నేరుగా అక్కడికి వెళ్లే దారి నాకు తెలియదు. మధ్యలోని ప్రతి అక్షరమూ రాలాల్సిందే. ఆ టకటకకు గుమాస్తా కూడా లేచాడు. ముగ్గురం కూర్చుని అక్షరాలు రాలడం చూశాం. పెద్దమ్మ టీ తెప్పించుకుని తాగేసింది కూడా. తీరా వచ్చిన ఫోటో అగ్గిపెట్టెంత. దగ్గరగా చూద్దామని ఆమె లేచి వెళితే, ఆమె నీడ పడి అదీ మాయమైంది.

ఆమె నవ్వలేదు. చాటెడు బియ్యం తెప్పించి బల్ల మీద పోయించి, నీ మిషను ఏమేం ఏరుతుందో దీంట్లో చూపించమంది. లాప్‌టాప్ మూసేసి, నల్లవీ పసుపువీ వేలితో ఏరుతూ చెప్పాను. నూకను మాత్రం ఏరదని కూడా నోరుజారాను (ఆ మాట నలభై ఆరింటిలో ఎక్కడా లేదు). కొడుకు లోపలికొచ్చి వినడం మొదలుపెట్టాడు. ప్రశ్నలు, జవాబులతో గంట గడిచింది.

"నూక ఏరదని ఉన్నమాట సెప్పినవ్," అంది పెద్దమ్మ. "కొలతలు తీసుకునేటోళ్లను పంపియ్యి."

మిషను ఆ నెలలోనే దిగింది. నా ఉద్యోగమూ నిలిచింది.

ఇప్పుడు కొత్తవాళ్లకు స్లైడ్లు చేయడం నేనే నేర్పుతున్నాను. ఒక స్లైడుకు ఒకే మాట, పెద్ద బొమ్మ, చివరి కుర్చీకీ కనిపించే అక్షరం, మనుషుల వైపు మన ముఖం. మొన్న ఒక అమ్మాయి యాభై రెండు చేసుకొచ్చింది. ఆరు మాత్రం ఉంచి మిగతావి తీసెయ్యమంటే ముఖం చిన్నబుచ్చుకుని, "ఇన్ని నేర్చుకున్న కద మేడం, సెప్పకుంటే ఎట్ల?" అంది. నాకు నవ్వొచ్చింది. నా స్లైడ్లు ఇప్పుడు శుభ్రంగా ఉంటాయి, ఎవరూ నిద్రపోరు. కానీ నేర్చుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా వదల్లేక తల్లడిల్లిన అప్పటి నన్ను ఈ ఆరింటిలో ఎక్కడ ఇరికించాలో మాత్రం నాకు తెలియడం లేదు.