బావకు కొత్త బ్రేకులు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏదైనా వస్తువు పాడైతే, ఎలా పాడైందన్నది కాదు, ఎవరిదన్నది ముఖ్యం. అల్లుడిదైతే కొత్తది కొనాలి. కొడుకుదైతే బాగుచేయాలి. ఎవరూ పైకి చెప్పని ఈ నియమం అక్క పెళ్లయిన ఏడాది నాకు తెలిసివచ్చింది. అప్పుడు భిలాయ్ సెక్టర్ 4లో ఉండేవాళ్లం. నాన్న స్టీలు ప్లాంటులో మెయింటెనెన్స్ ఫిట్టరు. నేను జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద కొత్తగా చేరి, రోజూ నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకుల మౌంటెన్ బైకు తొక్కుతూ వెళ్లివచ్చేవాణ్ణి. (కొండ కనపడాలంటే ఊరు దాటి చాలా దూరం పోవాలి. అయినా నాది మౌంటెన్ బైకే.) కోహ్కాలో ఉండే మా బావకూ అలాంటిదే ఉండేది. ఇద్దరం సెకండ్ హ్యాండులో ఒకే చోట కొన్నాం. ఒకే వానాకాలంలో ఇద్దరి బ్రేకులూ నూనె కారడం మొదలుపెట్టాయి. లీవరు నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చి తగిలేది. సైకిలు మాత్రం తనకు నచ్చిన చోట ఆగేది.

రెండింటినీ చూసి నాన్న తీర్పు చెప్పారు. "అల్లుడు గారికి కొత్త సెట్టు ఏయించీద్దాం. పాతవాటి మీద ఆయన తిరక్కూడదు."

"మరి నావి?" అన్నాను.

"నీవాటికేటయిందిరా? నూనాపే రబ్బరు సీళ్లు పోనాయి, అంతే కదా. ఫర్నేసునే మొత్తం ఇప్పీసి, కేపిటల్ రిపేరు సేసి మళ్లీ నడిపించీసినోళ్లం, నీ బ్రేకొక లెక్కా?"

ఆ ఆదివారం బావ కొత్త బ్రేకులతో వచ్చి, మా గుమ్మం ముందు వేగంగా తొక్కి, చప్పున ఆపి చూపించాడు. "సాలే సాబ్, ఏక్ ఉంగ్లీ! ఒక్క వేలు చాలు యార్!" బాగున్నాయన్నాను. అమ్మ నా వంక చూసి "ఏటిరా ఆ ముకం, ఆవదం తాగినట్టు" అంది. ఆ వారమంతా, ఫ్యాక్టరీకి పోతూ వస్తూ, బావ కొత్త బ్రేకులు కీచుమని అరవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. బావ చెడ్డవాడేమీ కాదు. అదే ఇబ్బంది. చెడ్డవాడైతే కుళ్లుకోవడానికి కొంచెం మర్యాదైన కారణం దొరికేది.

నా బ్రేకుల కేపిటల్ రిపేరు వరండాలో పాత దుప్పటి మీద మొదలైంది. నాన్న దుర్గ్‌లోని మోటారు సైకిలు సామాన్ల షాపులో సైజు సరిపోయే సీళ్లు వెతికి తెచ్చారు. విప్పిన చిన్న చిన్న భాగాలు కలిసిపోకుండా ఇడ్లీ పళ్లెం గుంటల్లో ఒక్కొక్కటీ పెట్టేవారు. (అమ్మ ఆ పళ్లెం గురించి అన్న మాటలు ఇక్కడ రాయను.) పళ్లెం పట్టుకోవడం నా పని. మామూలుగా నాన్న ఎక్కువ మాట్లాడరు. చేతిలో పానా ఉంటే మాత్రం మాట్లాడేవారు. ప్లాంటులో చేరిన కొత్తలో హిందీ రాక పడ్డ పాట్లు, విజయనగరం రైలెక్కి పారిపోదామనుకున్న రోజు, ఇలాంటివి. నేను సగం వినేవాణ్ణి. మిగతా సగం బావ బ్రేకుల మీద ఉండేది.

బావ రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టాడు. అడిగితే "అత్తయ్య గారి ఒంట్లో ఎలా ఉందో చూద్దామని" అనేవాడు. అమ్మకు ఏ జబ్బూ లేదు. అతను పదేపదే అడిగేసరికి ఆవిడకే అనుమానం వచ్చింది. అతను దుప్పటి దగ్గరికి వంగితే చాలు, నాన్న కంగారు పడేవారు. "అయ్యో, సేతులకి నూనంటుకుంటాది అల్లుడు గారూ. మీరు కుర్సీలో కూకోండి." కుర్చీ, కాఫీ, చేగోడీలు. బావ చేగోడీ నములుతూ మా చేతుల వంకే చూసేవాడు.

ఒక రోజు అక్క నన్ను పక్కకు పిలిచింది. "మీ బావకి నిన్ను సూస్తే కుళ్లురా."

"నన్నా? కొత్త బ్రేకులు ఆయనవి కదే!"

"బ్రేకులెవరిక్కావాలి? మా మావగారు ఈన సిన్నప్పుడే పోనారు కదా. నాన్న నీతో కూకుని అన్నీ సెప్తన్నాడని."

ఆ మాటకు నేను కరిగిపోయానని మీరు అనుకోవచ్చు. మర్నాటి నుంచి "నాన్నా, ఆ స్క్రూ నేను బిగించనా?" అని వీధిలోకి వినిపించేలా అడగడం మొదలుపెట్టాను.

తర్వాతి ఆదివారం బావ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. "కొత్తవి పట్టడం లేదు మావయ్య గారూ. ఇవి కూడా విప్పాలేమో." నాన్న జిడ్డుగా మెరుస్తున్న డిస్కు మీద వేలు రాసి వాసన చూశారు. మళ్లీ చూశారు.

"అల్లుడు గారూ, మీ ఇంట్లో ఆవనూనె వాడతారేటి?"

"లేదండీ." సీటు మీద దుమ్ము తుడిచి, "పక్కింటి దీదీ వాళ్లు వాడతారు" అన్నాడు బావ, నేల చూస్తూ.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాన్న నవ్వలేదు. లేచి, కుర్చీని గోడ పక్కకు జరిపారు. "ఇలా రా బాబూ. కింద కూకో. ముందు ఆడి లీవర్లో సీలు ఏసీసి, అప్పుడు నీ డిస్కు కడుగుదాం. ఆ పళ్లెం నువ్వట్టుకో."

నువ్వు. పెళ్లయ్యాక మొదటిసారి. బావ ముఖం ఆ క్షణాన ఎలా ఉందో నాకింకా గుర్తుంది. పళ్లెం నా చేతుల్లోంచి అతని చేతుల్లోకి పోయింది. నా బ్రేకులో సీలు బావ వేశాడు, నాన్న అతని వేళ్లు పట్టుకుని చూపిస్తుంటే. చేయడానికి పని లేక నేను కుర్చీలో కూర్చున్నాను. అమ్మ నాకు కాఫీ ఇచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. నాన్న పోయి ఏడాది కావస్తోంది. మొన్న ఆ బ్రేకే మళ్లీ కారింది. షాపతను "ఛోడో భయ్యా, నయా లగా లో" అన్నాడు. సరే, కొత్తదే వేయమనబోయాను. సంగతి తెలిసి బావ సీళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నన్ను అడగకుండానే వరండాలో దుప్పటి పరిచాడు. ఈసారి అమ్మే ఇడ్లీ పళ్లెం తెచ్చి పెట్టింది. నేను లీవర్లోకి సీలు తోస్తుంటే బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉల్టా పెడుతున్నావ్ బామ్మర్దీ. ఈ అంచు లోపలికుండాలి. మావయ్య ఇలా తిప్పించారు."

నిజమే. నాకు తెలియదు. ఆ రోజు నేను కుర్చీలో ఉన్నాను. తల సగం నెరిసినా ఆ పాత కుళ్లు మళ్లీ పుట్టింది. వెనకే నవ్వూ వచ్చింది.

"ఆ రోజు ఇంకేం చెప్పారు?" అని అడిగాను.

"బహుత్ కుఛ్, చాలా ఉన్నాయి. పళ్లెం సరిగ్గా పట్టుకో, చెబుతా."

పట్టుకున్నాను.