శంకరవ్వ కట్టిన పదకొండో తడక

కాగజ్‌నగర్‌లో ఒక మధ్యాహ్నం సూర్యుడు లచ్చయ్య పటేల్ ఇంటి పడమటి కిటికీ దాకా వచ్చి, అక్కడ శంకరవ్వ చేతిలో చెంబు చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు. ఇది పందొమ్మిది వందల అరవై నాలుగు, వైశాఖ మాసం. చూసినవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరి పేర్లు ఇంతవరకు ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.

అప్పట్లో నేను లచ్చయ్య కలప డిపోలో టేకు దుంగల మీద నంబర్లు కొట్టేవాణ్ణి. ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడికి అంకెలు మిగతావాళ్ల కంటే రెట్టింపు వస్తాయని ఆయన నమ్మకం. డిపో వెనకే ఆయన ఇల్లు. శంకరవ్వ ఆ ఇంట్లో నీళ్ల మనిషి. తాగే నీళ్లు కావు, తడకల నీళ్లు.

శివరాత్రి వెళ్లగానే ఆ ఇంటి కిటికీలన్నిటికీ బయటివైపు వట్టివేళ్ల తడకలు కట్టాలి. పొద్దెక్కింది మొదలు పొద్దు వాలేదాకా వాటిని తడుపుతూ ఉండాలి. తడిసిన వేళ్ల సందుల్లోంచి గాలి చల్లబడి గదిలోకి వస్తుంది. మిరుగు కార్తెకు తొలకరి పడేదాకా అదే పని. పదకొండు కిటికీలు, ఒక నీళ్ల గాబు, ఒక ఇత్తడి చెంబు. ఆమె చెంబు విసిరితే నీళ్లు వలలా విచ్చుకుని తడక నాలుగు మూలలకూ ఒకేసారి అందేవి. ఒక్క చుక్క నేల పాలయ్యేది కాదు. ఆ ఇంటి చీమలు నీళ్ల కోసం పక్కింటికి వలస పోయాయి.

ఈ పనికి ముందు ఆమె ఎండాకాలమంతా అడవిలో బీడీల తునికాకు కోసేది. మోకాళ్లు అరిగింది అక్కడే. భర్త గంగయ్య చనిపోయిన ఏడు ఈ పనిలో చేరింది. అది జరిగి అప్పటికి పన్నెండేళ్లు. ఆ మోకాళ్లతో ఆమె మళ్లీ అడవి ఎక్కకుండా ఆపినవి ఈ తడకలే.

లచ్చయ్య తల్లి బుచ్చవ్వకు వేసవి వస్తే ఒళ్లంతా చెమటకాయలు. ఆమె కోసం ఆయన, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజినీరు బంగళా నుంచి ఏసీ మిషన్ తెచ్చాడు. అప్పటికే పాతది. నలుగురు హమాలీలు మోశారు. నా లెక్కలో ఎనిమిది మంది, ఒక దున్నపోతు. ముఖం గదిలోకి, వీపు వరండాలోకి ఉండేట్టు దాన్ని పడమటి కిటికీలో కూర్చోబెట్టారు. జిల్లాలో ఇది రెండో ఏసీ అని లచ్చయ్య అందరికీ చెప్పేవాడు. మొదటిది ఎవరిదో ఆయనకూ తెలియదు.

రెండు ఎండాకాలాలు బాగానే నడిచింది. మూడో ఏడు మొండికేసింది. మధ్యాహ్నం కాగానే గురకపెట్టి, దగ్గి, ఆగిపోయేది.

పిండిగిర్ని మోటార్లు, రేడియోలు బాగుచేసే మిస్త్రీ దేవదాస్ వచ్చాడు. మిషన్‌ను కిటికీలోంచి దింపించి, వాకిట్లో స్టూలు మీద పెట్టి, తీగ లాగి నడిపించాడు. పొద్దంతా చల్లగా ఊదింది. మళ్లీ కిటికీలో పెట్టించాడు. గంట తిరగకుండానే ఆగిపోయింది. ఇలా మూడు రోజులు, మూడుసార్లు.

"గిది మా అల్లుని లెక్కున్నది," అన్నాడు లచ్చయ్య. "ఆకిట్ల నిలవెడితె మస్తు హుషారు. ఇంట్లకు రాంగనె పండుకుంటది."

"ఈడు మీద పడ్డది పటేలా," అన్నాడు దేవదాస్. "ఒట్టిగ నడువుమంటె నడుస్తది. గది సల్లవెట్టుడు దానితోని కాదు. ఎన్నిసార్లని రిపేర్ చేస్త? కొత్తది తెచ్చుకో."

మంచం మీదినుంచి బుచ్చవ్వ అడిగింది: "నాకు గూడ ఈడు మీద పడ్డది. నన్ను గూడ మారుస్తవా కొడుకా?"

"నువ్వు జర ఊకోవే అవ్వా." లచ్చయ్య లేచి నిలబడ్డాడు. "రేపు మాపటి బండికి హైదరాబాద్ పోత. ఒకటి గాదు, రెండు తెస్త. ఇగ గీ తడకలు, గోడలకు పాకుడు, ఏమొద్దు. శంకరవ్వా, నేను అచ్చేవరకు అన్నీ ఇప్పి డిపోల పారెయ్యి. నీకు గూడ తిప్పలు తప్పుతది."

"గట్లనే పటేలా," అంది శంకరవ్వ. ఆయన ఆ మాట మంచికే అన్నాడు. ఆమె మోకాలు రాసుకుంటూ గాబు దగ్గరికి వెళ్లింది.

మరునాడు తడకలు ఇంకా విప్పలేదు కనుక నీళ్లు చల్లుతూనే ఉంది. మధ్యాహ్నం నేను వరండాలోకి వెళ్లేసరికి పడమటి తడక ముందు గొంతుకూర్చుని ఉంది.

"ఏందవ్వా, తడకకు జరమచ్చిందా?" అన్నాను.

"అచ్చింది బిడ్డా. చెయ్యి పెట్టి సూడు."

పెట్టాను. వెనక మిషన్ దగ్గుతోంది, తడక రొట్టెల పెంకులా కాలుతోంది. ఇప్పుడే చల్లిన నీళ్లు అప్పుడే ఆరిపోయాయి.

"కడమ కిటికిలయి అద్దగంట తడి ఆగుతయి," అంది. "గిది చెంబు దించకముందే ఆరుతది. దీనికి దూప ఎక్కువనుకున్న. ఇంకింత పోసిన." తడక పక్కనుంచి మిషన్ వీపు వైపు తొంగి చూసింది. "ఆకిట్ల నడిచినప్పుడు మిషన్ ఎనుక తడక లేకుండె గదా?"

"లేదు."

"ఇంట్ల పెట్టంగనె నేను కట్టిన."

"మూడుసార్లు కట్టినవు."

"పొయ్యి పొగ పొయ్యే సందు మూస్తే వంటిల్లు ఏమైతది?"

నా జవాబు కోసం చూడకుండా ముడులు విప్పి తడకను గోడకు ఆనించింది. వేడి గాలి మా ముఖాల మీద కొట్టింది. కాసేపటికి మిషన్ దగ్గు మానింది. ఇంకాసేపటికి లోపలినుంచి బుచ్చవ్వ కేక: "శంకరీ, గొంగడి తేవే!"

నేను నా తెలివంతా ఉపయోగించి సలహా ఇచ్చాను. "నోరు మూసుకో అవ్వా. దానంతట అదే బాగైందనుకుంటరు. నువ్వు కట్టినవని తెలిస్తే పటేల్ ఇయ్యాల్నే ఎల్లగొడ్తడు."

అంతలో లచ్చయ్య పక్కబట్టల బిస్తరు చుట్ట చంకలో పెట్టుకుని ప్రయాణానికి సిద్ధమై వచ్చాడు. కిటికీ కొలిచే తాడు పట్టుకుని వెనకే దేవదాస్. తల్లి గొంగడి కప్పుకుని ఉండటం చూసి లచ్చయ్య నవ్వాడు.

"సూసినవా దీని నకరాలు? ఇయ్యాల నడుస్తది, రేపు పంటది. నేనైతే పోయి తెస్త."

ఊరుకున్నా తడకలు పోతాయి. చెప్పినా పోవచ్చు. శంకరవ్వ చెంబు కింద పెట్టింది.

"పటేలా, మిషన్ ఖరాబు కాలే. నేనే దాని వీపుకు తడక కట్టిన. ఇప్పుడు ఇప్పిన. గందుకే నడుస్తున్నది."

దేవదాస్ ముఖం ఎర్రబడింది. "మిషన్‌కు తడక కట్టుమని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"కట్టొద్దని ఎవలు చెప్పిండ్రు? కిటికికి తడక కట్టుడు నా పని. అది కిటికిల ఉన్నది."

"మరి రెండేండ్లు ఎట్ల నడిచింది?"

"అప్పుడు పాత తడకలు. వట్టి ఏళ్లు రాలి జల్లెడ లెక్కుండె. గీయేడు కొత్తయి, అరచెయ్యి మందం."

దేవదాస్ వంగి మిషన్ వీపు చూశాడు. మూడు రోజులూ ఆ తడక అతని కళ్ల ముందే ఉంది. ఎండాకాలం కిటికీకి తడక లేకపోతే ఎవరైనా గమనిస్తారు. ఉంటే ఎవరు చూస్తారు?

లచ్చయ్య బిస్తరు మీదే కూర్చున్నాడు. "కట్టు," అన్నాడు. కట్టింది. మిషన్ గురక పెట్టి, దగ్గి, ఆగింది. "ఇప్పు." విప్పింది. కొంతసేపటికి మళ్లీ చల్లటి గాలి. ఇలా కట్టించి విప్పిస్తుండగానే స్టేషన్ నుంచి బండి కూత వినిపించింది. ఆయన లేవలేదు.

"మార్చుడు అయిపోయిందా?" అంది బుచ్చవ్వ గొంగడిలోంచి.

"అయిపోయిందే అవ్వా. నువ్వూ ఉంటవు, మిషనూ ఉంటది." శంకరవ్వ వైపు తిరిగాడు. "పది కిటికీలయి ఎట్లున్నయో అట్లనే ఉండనీ. పదకొండోది ఏం జేద్దాం?"

దేవదాస్ కొలత తాడు జేబులో పెట్టుకుంటూ గోడకు చెప్పినట్టు చెప్పాడు. "రెండు మూరల ఎడం ఉంచి కట్టుమను. ఎండ తగలద్దు, గాలి ఆగద్దు."

వరండా గుంజలకు వెదురు అడ్డం కట్టి శంకరవ్వ అలాగే కట్టింది. మిషన్ ఇంకో నాలుగు ఎండాకాలాలు నడిచింది. రోజూ పొద్దున దాని వీపు మీద చెయ్యి పెట్టి చూడటం ఆమె పనిలో చేరింది. నేను ఆమెను డాక్టరమ్మా అని పిలిచేవాణ్ణి. ఏ జబ్బుకైనా ఒకటే మందు, ఒక చెంబెడు నీళ్లు.

ఒకరోజు డిపో ముందు చాయ్ తాగుతూ పదిమందికి ఈ కథ చెప్పాను. సూర్యుడు వెనక్కి పోవడం దగ్గర కొంచెం సాగదీశాను. పోతూ పోతూ ఆమెకు దండం పెట్టాడని కూడా అన్నాను. శంకరవ్వ ఖాళీ చెంబుతో అటే వెళ్తూ ఆగింది.

"పొద్దు యాడికీ పోలే. నేను తడక తప్పు జాగల కట్టిన, మల్ల ఇప్పిన. గంతే."