వెల్లింగ్టన్ సభల్లో నెతీనీయుల పని

జూన్ లాంగ్ వీకెండ్‌కి వెల్లింగ్టన్‌లో తెలుగు క్రైస్తవ సభలు పెట్టారు. మా ఆయన ఏసుదాసు డోలక్ బాగా వాయిస్తారని ఎవరో చెబితే అక్కడి పాస్టర్ గారే ఫోన్ చేసి రమ్మన్నారు. మేం మన దేశం వదిలి ఇక్కడ ఉత్తరాన మనురేవాకి వచ్చి నాలుగేళ్ళయింది. ఇన్నాళ్ళూ పక్క ఫ్లాట్ వాళ్ళు గొడవ చేస్తారని దిండు అడ్డం పెట్టుకుని వాయించుకున్న మనిషికి నలుగురి ముందూ కూర్చునే రోజు వచ్చింది కదా అని, నేను పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో షిఫ్టు మార్పించుకుని నేనూ బయల్దేరాను.

విమానంలో అయితే గంట ప్రయాణమే. కానీ సామాన్లలో పడేస్తే డోలక్ పగులుతుందని ఈయన భయం. అందుకని శుక్రవారం ఉదయం ఎనిమిదికి మాకు దగ్గరి స్టేషన్ పాపాకురాలో రైలెక్కాం. డోలక్‌ని దుప్పటిలో చుట్టి దాదాపు పన్నెండు గంటలూ ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఎదురు సీట్లో అల్లిక అల్లుకుంటున్న కివీ పెద్దావిడ లోపల పాప ఉందా అని అడిగింది. మధ్యాహ్నం మంచుకొండల దగ్గర రైలు ఆగినప్పుడు అందరూ దిగి ఫోటోలు తీసుకున్నారు. మేం సీట్లోనే కూర్చుని చికెన్ పులావ్ తిన్నాం. రాత్రి ఏడున్నరకు దిగితే ఆ ఊరి గాలికి మనిషి నిలబడడమే కష్టమైంది. ఊరి శివార్లలో హట్ వైపు ఒక నర్సమ్మ గారింట్లో బస ఇచ్చారు. దుప్పట్లు, హీటర్, వేడి చారు, దేనికీ లోటు చేయలేదు.

శనివారం తొమ్మిదింటికి హాల్లో ప్రసంగం మొదలైంది. పాస్టర్ గారు ఆ రోజు ఎత్తుకున్న విషయం ఇశ్రాయేలీయుల ఆలయ సేవ. అహరోను సంతతి యాజకులు, బలిపీఠం వాళ్ళది. లేవీయుల్లో కొందరు పరిశుద్ధ వస్తువులు మోసేవాళ్ళు, కొందరు గుడారపు తెరలూ పలకలూ మోసేవాళ్ళు, ఇంకా తండ్రి తర్వాత కొడుకుగా వచ్చిన పాటగాళ్ళూ వాయిద్యాల వాళ్ళూ, ద్వారపాలకులు. అందరికన్నా కింద నెతీనీయులు, లేవీయులకు పనివాళ్ళు. చాలా చక్కగా చెప్పారు, కాదనను. చివర్లో మైకులోనే సభల పనులు కూడా అలాగే పంచారు. ప్రార్థనలూ కానుకలూ అహరోను బృందానికి, సంగీతమూ కుర్చీల ఏర్పాటూ లేవీ బృందానికి, గిన్నెలూ బాత్‌రూములూ నెతీనీయుల బృందానికి. మా ఆయన పేరు నెతీనీయుల్లో వచ్చింది.

పొరపాటనుకున్నాను. ఈయన డోలక్ నా ఒళ్ళో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

భోజనాలయ్యాక నేనూ వెళ్ళాను. సింకు దగ్గర ఈయనతో కలిపి ఆరుగురు మగవాళ్ళు చొక్కా చేతులు మడిచి గిన్నెలు తోముతున్నారు. మాట మీద మాట వచ్చి బయటపడిందేమిటంటే, ఆరుగురినీ పాస్టర్ గారు ఫోన్లో ఎంతో ప్రేమగా ఊరు అడిగారు, ఊళ్ళో ఏ పక్క అని అడిగారు, తాత ఏం పని చేసేవారని అడిగారు. అందరి తాతలూ చెప్పులు కుట్టినవాళ్ళో డప్పు కొట్టినవాళ్ళో. నా ఒళ్ళు మండిపోయింది. పన్నెండు గంటలు రైల్లో కూర్చుని మేం వచ్చింది మళ్ళీ మా ఊరి చివరికా?

తిన్నగా పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన నవ్వారు.

"సేవలో చిన్నా పెద్దా ఉండదమ్మా."

"ఉండకపోతే రేపు గిన్నెలు మీరు తోమండి అయ్యగారూ. అయినా మీరేమన్నా అహరోను సంతతా? ఆ ఆలయంలో అయితే మీరూ నేనూ అందరం అన్యజనులమే. బయటి ఆవరణ దాటనిచ్చేవాళ్ళు కాదు."

ఆయన ముఖం మాడిపోయింది. అహరోను బృందంలోని ఒక అంకుల్ నన్ను నెమ్మదిగా మాట్లాడమన్నారు. నేను నెమ్మదించలేదు. వాక్యంలో వాయిద్యాల వాళ్ళకు తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన వంశాలున్నాయని మీరే చెప్పారు కదా, తాత నుంచి చేతికి వచ్చిన వాద్యమైతే అది లేవీయుల పనే కదా అన్నాను. సాయంత్రం కబురొచ్చింది, ఆదివారం ముగింపు పాటకు ఏసుదాసు వాయించవచ్చని.

ఈయన చేతులు తుడుచుకుంటూ కబురు తెచ్చినాయనతో చెప్పారు: "ఫోన్లో అడిగింది అయ్యగార్ని మైకులో అడగమనండి. మా తాత ఏం చేసేవాడో అందరి ముందూ చెప్పి అప్పుడు వాయిస్తాను."

ఆదివారం పాస్టర్ గారు అడగలేదు. ముగింపు పాట కీబోర్డు మీదే అయిపోయింది.

సోమవారం పొద్దున్నే తిరుగు రైలెక్కాం. వెల్లింగ్టన్ వెళ్ళేవాళ్ళకు హార్బర్ పక్కన నడవడానికి మంచి దారి ఉంది, కాఫీ బాగుంటుంది, గట్టి కోటు తీసుకెళ్ళండి. ఆ సభలకు మాత్రం వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను. గుడారం మోయడానికి ఆ కాలంలో వంశాలు కావలసి వచ్చాయేమో. రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళను ఎత్తి పడుకోబెట్టడానికి నన్ను ఇంతవరకూ ఎవరూ తాత పేరు అడగలేదు.

మంచుకొండలు దాటాక ఈయన అన్నారు.

"ఆయన తాత గురించి అడిగితే, డోలక్ వాయిస్తాను కాబట్టి అడుగుతున్నారనుకున్నా. మా తాత డప్పు మోగితే నాలుగూళ్ళకు వినిపించేదని చెప్పా. అరగంట చెప్పానే. ఎంత సంతోషంగా చెప్పానో."